పదకొండు మందిని ముప్పై చేసిన రోజు

మా సరోజ పేరును ఖోఖో జట్టులోంచి కొట్టేశారు. "తండ్రి ముప్పై మంది కూలీలను వెంటబెట్టుకొని బడి మీద దాడికి వచ్చినందున ఈ బాలికను ఇకమీదట ఏ ఆటల పోటీకీ పంపరాదు" అని పెద్దసారు తన చేత్తో రిజిస్టరులో రాసి కింద సంతకం పెట్టాడు. దాడి జరగలేదు. ముప్పై మంది లేరు. నాతో కలిపి పదకొండు మందిమి. మా చేతుల్లో కర్ర లేదు, రాయి లేదు. ఒకడి చేతిలో టిఫిన్ గిన్నె ఉంది, నా చేతిలో నా బిడ్డ చెయ్యి ఉంది. ఇంత చిన్న సంగతిని సరిదిద్దించడానికి నేను తొమ్మిది ఉత్తరాలు రాశాను. అప్పటి కోపం ఇప్పటికీ ఒక్క పిసరు తగ్గలేదు. తగ్గించుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు.

పోయిన వారం సరోజ మంచిర్యాల నుంచి తన ఇద్దరు పిల్లలతో వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఫోను చేతిలోంచి దించలేదు. పిల్లవాడికి చెస్సు క్లాసు, పిల్లకు కరాటే, మధ్యలో ఏదో కీబోర్డు. ఎవరిని ఎక్కడ దింపాలో, ఎవరిని ఎప్పుడు తెచ్చుకోవాలో అన్నీ అందులోనే ఉన్నాయి. అన్నం ముందు కూర్చొని కూడా ఎవరికో జవాబు కొడుతుంటే నాకు ఒళ్లు మండింది. "ఇద్దరికే గింత ఆగమాగమా? మీరు నలుగురుంటిరి" అన్నాను. అది ఫోను పక్కన పెట్టి నా మొహం చూసింది. "నిజమే బాపూ. అవ్వ గుడ లేకుండె. నువ్వొక్కనివి ఎట్ల చేసినవ్?" అంది. మా పిల్లలు తల్లిని అవ్వ అంటారు. ఎట్ల చేశానో నాకే సరిగ్గా తెలియదు. అందుకే కూర్చొని రాస్తున్నాను.

నేను కమాన్‌పూర్ దగ్గరి పల్లెలో మూడో తరగతి దాకా చదివి, పశువుల వెంట పోయి, ఆ తర్వాత గోదావరిఖనికి వచ్చి బాయిలో బొగ్గు నింపే పనికి చేరినవాణ్ణి. గనిని మేము బాయి అంటాము. చదవడం రాయడం నాకు ఎవరూ నేర్పలేదు. కిరాణా కొట్టులో బెల్లం చుట్టి ఇచ్చిన కాగితాలతో మొదలుపెట్టి, కాలనీ లైబ్రరీలో పత్రికల దాకా నేనే పోయాను. నాకు చదువు రాకపోవడం ఎవరి పాపమో గాని, నా ఇంట్లో మాత్రం ఆ పాపం అడుగు పెట్టకూడదని పంతం పట్టాను. అందుకే పదో తరగతి పాసైన నా భార్య కనకమ్మకు కరీంనగర్‌లో నర్సు ట్రైనింగ్ సీటు వచ్చినప్పుడు నలుగురు పిల్లలున్నారని ఆలోచించలేదు. ఏడాదిన్నర హాస్టల్లో ఉండాలి. ఆదివారం సెలవు దొరికితే వస్తుంది, దొరకకపోతే లేదు. కాలనీలో నవ్వనివాళ్లు లేరు. నల్లా దగ్గర బిందె పట్టుకొని నిలబడితే ఆడవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్లు, అదీ వెక్కిరింపే. "ఏం ఓదెలూ, పెండ్లాం సదువుకు, నువ్వు పొయ్యి కాడికా?" అని ఒకాయన అడిగాడు. "నీకు గుడ కావాల్నా పప్పుచారు? గిన్నె తెచ్చుకో" అన్నాను. మళ్లీ అడగలేదు.

నలుగురు పిల్లలు. పన్నెండేళ్ల సరోజకు ఖోఖో పిచ్చి, పొద్దున్నే అయిదున్నరకు గ్రౌండులో ఉండాలి. దాని తర్వాతి శ్రీనివాసు సాయంత్రం అయిదింటికి క్లబ్బులో తబలా నేర్చుకునేవాడు. మూడోది పద్మ. సర్వే ఆఫీసులో నక్షాలు గీసే ఒకాయన సెలవు రోజుల్లో పిల్లలకు బొమ్మలు, అందమైన చేతిరాత నేర్పేవాడు, ఇది అక్కడికి పోయేది. అయిదేళ్ల రవి దేనికీ పోడు, అన్నిటికీ అడ్డం పడతాడు. నేను చూస్తే వారానికో షిఫ్టు. మొదటి షిఫ్టు వారం పొద్దున ఏడింటికి లోపల ఉండాలి, మూడింటికి బయట పడతాను. రెండో షిఫ్టు వారం పిల్లలు బడి నుంచి వచ్చేసరికి నేను ఉండను. మూడో వారం రాత్రంతా బాయిలో, పగలు నిద్ర. ఆ వారం శ్రీనివాసు తబలా ముట్టుకోకూడదని చెబితే, వాడు బొంత నాలుగు మడతలు పెట్టి దాని మీద వాయించేవాడు. నిద్రలో నాకు ఆ మెత్తటి దరువు వినిపిస్తూనే ఉండేది. ఒకరోజు దరువు ఆగిపోతే ఉలిక్కిపడి లేచాను, వాడు పడిపోయాడేమోనని.

రాత్రి షిఫ్టు దిగి రాగానే ఇద్దరాడపిల్లలకు జడలు వెయ్యాలి. ఎంత రుద్దినా గోళ్ల సందుల్లో బొగ్గు పోదు, తెల్ల రిబ్బన్లు బూడిద రంగుకు తిరిగేవి. రిబ్బను కొస పళ్లతో పట్టుకొని ముడి వేసే విద్య నేనే కనిపెట్టాను. బొగ్గుల సిగిడి రాజేసి, ఒక పక్క అన్నం, ఒక పక్క సర్వపిండి రొట్టె. నా సర్వపిండి అడుగున మాడి, పైన పచ్చిగా ఉండేది. పద్మ పైది తినేది, సరోజ అడుగుది తినేది. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గు పొగతో కలిసి నువ్వులు, కారం మాడిన వాసన వస్తే, జడ సగం వేసి వదిలేసినట్టు చేతులు గుంజుతాయి.

ఎవరు ఎక్కడున్నారో తెలియకపోవడమే నాకు పెద్ద ఫికరు. దానికి ఉపాయం బాయిలోనే దొరికింది. మేము లోపలికి పోయేముందు ల్యాంపు రూములో మా నంబరు బిళ్ల ఇచ్చి తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాము. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాము. మేకుకు ఇంకా బిళ్ల వేలాడుతుంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. నేను డాల్డా డబ్బా కత్తిరించి నాలుగు బిళ్లలు చేశాను. ఒక చెక్క మీద వరసగా మేకులు కొట్టి, ఇల్లు, బడి, గ్రౌండు, క్లబ్బు, బొమ్మల సారు, ఆపా ఇల్లు అని పద్మ చేత రాయించాను. ఎవరు ఎక్కడికి పోతే వాళ్ల బిళ్ల ఆ మేకుకు తగిలించి పోవాలి. షిఫ్టు దిగి రాగానే చెప్పులు విప్పకముందే నేను ఆ చెక్క చూసేవాణ్ణి.

ఆపా అంటే పక్క క్వార్టరు రజియా ఆపా. ఆమె మగడు ఖాజా భాయి లారీల మెకానిక్కు. రవి బిళ్ల ఎప్పుడు చూసినా ఆ ఇంటి మేకుకే ఉండేది. వాడు వాళ్ల పిల్లలతో పాటే తిని, వాళ్లతో పాటే పాఠానికి కూర్చొని, మన అక్షరాలు రాకముందే ఉర్దూ అలిఫ్, బే దిద్దేశాడు. నేను మొహమాటపడి, "ఆపా, రోజూ మీకే బరువైతుండు" అంటే, ఆమె చేట పక్కన పెట్టి, "అరె ఓదెలు భాయ్, ఫికర్ నక్కో కరో. నలుగురు తింటున్నకాడ అయిదోవాడు తింటడు. గాని నీ సర్వపిండి మాత్రం మా ఇంటికి పంపకు, అల్లా కసమ్, మొన్న మా మేక గుడ ముట్టలే" అనేది.

ఇక జరిగింది చెప్పాలంటే ముందు బాయిలో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి. షిఫ్టు నడుస్తుండగా లోపలి మనిషికి ఇంటి నుంచి కబురు పంపరు. పెళ్లి మాటలకు చుట్టాలొచ్చినా, ఆవు ఈనినా పంపరు. చావుకే పంపుతారు. అప్పుడు కూడా చావు అని చెప్పరు. "ఇంటికెళ్లి మనిషి వచ్చిండట, పైకి పో" అంటారు, ఇంటి నుంచి ఎవరో వచ్చారని, అంతే. చెబితే అక్కడే కూలబడతాడని. కబురు వచ్చినవాణ్ణి ఒంటరిగా పైకి పోనివ్వరు. అతనితో పనిచేసే జట్టంతా పని ఆపి తోడు వస్తుంది, ఒకరు ముందు, ఒకరు వెనక, మనిషి నడుమ. ఇంటి గడప దాకా విడిచిపెట్టరు. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. మేనేజరు కూడా ఎప్పుడూ ఎందుకని అడగలేదు.

ఆ రోజు నాది మొదటి షిఫ్టు. కరీంనగర్‌లో ఖోఖో జట్టు ఎంపిక ఉందని తెలుసు గాని, ఆడపిల్లలను ఊరు దాటించడానికి తండ్రి సంతకం కావాలన్న కాగితం నేను బాయికి పోయాక బడికి వచ్చింది. బస్సు పన్నెండింటికి. తల్లి కరీంనగర్‌లో, తండ్రి బాయిలో. పక్కింటివాళ్ల సంతకం పనికిరాదని పెద్దసారు చెప్పాడట. ఆయన వేరే జిల్లా నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చాడు. బాయి సంగతులు తెలియవు. సరోజ ఆ కాగితం పట్టుకొని బడి నుంచి బాయి దాకా రెండు మైళ్లు ఉరికింది. హాజరు క్లర్కు కిటికీలోంచి చూస్తే, ఒక ఆడపిల్ల, రిబ్బన్లు ఊడిపోయి, మొహమంతా చెమట, మాట రాకుండా ఎగపోస్తూ, "మా బాపు కావాలె, జల్ది, జల్ది" అంటోంది. ఆయన ఎందుకని అడగలేదు. ఎవరూ అడగరు. పైనుంచి ఒకరి నోట ఒకరికి పడి కబురు నా దగ్గరికి వచ్చింది.

"ఓదెలూ, పైకి పో. ఇంటికెళ్లి మనిషి వచ్చిండట."

తట్టల, చెమ్మస్ పారల చప్పుళ్లు ఒక్కసారి ఆగిపోయాయి. జట్టుకు పెద్ద కొమురయ్య కాక టోపీ తీసి మళ్లీ పెట్టుకొని నా ముందు నిలబడ్డాడు. వరసకు బావ అయ్యే లింగయ్య, నోరు మూయడం అంటే తెలియని మనిషి, నోరు మూసుకొని నా వెనక నిలబడ్డాడు. మిగిలినవాళ్లు వెనక చేరారు. పైకి ఎక్కే వంపుదారి మామూలు రోజుల్లో అరగంట. ఆ రోజు ఎంత సేపు నడిచామో నాకు తెలియదు. ఎదురుగా కొమురయ్య కాక బూట్ల మడమలు, వాటి మీద నా దీపం వెలుగు. నా తలలో ఆ చెక్క, ఆ నాలుగు బిళ్లలు. రవి పొద్దున నిద్రలోనే ఉన్నాడు, బిళ్ల ఇంటి మేకుకే ఉంది. సిగిడిలో నిప్పు ఆర్పానా? శ్రీనివాసు నల్లా గుంత మీదుగా దూకుతాడు. పద్మకు మొన్నటి నుంచి ఒళ్లు వెచ్చగా ఉంది. సరోజ రోడ్డు దాటి గ్రౌండుకు పోతుంది, బొగ్గు లారీల రోడ్డు. లేకపోతే కరీంనగర్ నుంచా? ఒకరికి ఏదో అయిందని తలుచుకుంటే మిగిలినవాళ్లు బతికి ఉన్నట్టు అనిపించేది, ఆ మాట అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసేది. బయటి వెలుగు చిన్న రూపాయి బిళ్లంత కనిపించినప్పుడు నేను ఆగిపోయాను. లింగయ్య వెనక నుంచి నా నడుము పట్టుకొని నెట్టాడు.

పైన సరోజ నిలబడి ఉంది. రెండు కాళ్ల మీద, కాగితం ఊపుతూ.

"బాపూ, జల్ది సంతకం పెట్టు!"

"రవి ఏడి?" అన్నాను.

"ఆపా ఇంట్ల ఉన్నడు."

"శీనుగాడు?"

"బడిల."

"పద్మ?"

"బడిలనే. ఏంది బాపూ, బస్సు పోతది!"

"మీ అవ్వ?"

"అవ్వ కరీంనగర్ల గదా ఉంటది! నీకేమైంది?"

నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. కొమురయ్య కాక మెడలోని తువ్వాలు కొసతో కళ్లు తుడుచుకున్నాడు. నోరు తెరిచింది లింగయ్యే: "అరె పిల్లా, నీ సంతకం పాడుగాను! మేం పది మందిమి సగం సచ్చినం గదనే!" ఆ మాటతో అందరం ఒక్కసారి నవ్వాం. అలాంటి నవ్వు నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు. చావు అనుకొని ఎక్కివచ్చి, చావు లేదని తెలిసిన పదకొండు మంది నవ్వు అది.

క్లర్కు దగ్గర కలం తీసుకొని సంతకం పెట్టాను. నా వేళ్ల బొగ్గు కాగితం నిండా అంటింది. అది చూసి, ఇంత మసి కాగితం పెద్దసారు తీసుకుంటాడో లేదోనని, నేనే వచ్చి చెబుతానన్నాను. "అయితే పాండ్రి" అన్నాడు కాక. "మీరెందుకు కాకా?" అంటే, "తోడు ఎక్కినోళ్లు నడుమల విడిచి పోతరార? గడపల విడువాలె. ఇయ్యాల గడప లేకుంటే పాయె, బస్సుల ఎక్కించి పోదాం" అన్నాడు. దీపాలు ఇచ్చేశాం. మొహాలు కడుక్కోవడానికి ఎవరూ ఆగలేదు, బస్సు పోతుందని. తలమీద టోపీలు, కాళ్లకు బూట్లు, కళ్లు పళ్లు తప్ప మిగతాదంతా నలుపు.

దారిలో లింగయ్యకు సంతోషం ఎక్కువైంది. మాకు సంతోషం వచ్చినా దుఃఖం వచ్చినా నలుగురం కలిసి నడిస్తే తెలిసిన పాట ఒక్కటే. టిఫిన్ గిన్నె మీద దరువేస్తూ వాడు, "మా సరోజా!" అని అరిచాడు. "జిందాబాద్!" అన్నాం. "బాయి పిల్ల గెలవాలె!" "గెలవాలె, గెలవాలె!" సరోజ నా చెయ్యి పట్టుకొని గంతులేస్తోంది. చాయ్ హోటలు నుంచి ఒకాయన బయటికి వచ్చి, "ఏం డిమాండ్ అన్నా?" అని అడిగాడు. "ఒక్కటే డిమాండ్, సంతకం!" అని లింగయ్య అరిచాడు. ఆ మాట బడి ప్రహరీ పక్కనే అన్నాడు.

బందులు, ఘెరావులు రోజూ వినిపించే కాలం అది. మేము గేటు లోపల అడుగు పెట్టేసరికి పెద్దసారు గది తలుపు దభాలున మూసుకుంది. లోపల గొళ్లెం పడ్డ చప్పుడు వినిపించింది. నేను మెల్లగా తట్టాను.

"మీ సంఘం వాళ్లు వెళ్లిపోండి! ఒత్తిడి చేసి నా చేత సంతకం పెట్టించలేరు!"

"సారూ, సంతకం నాది. మీరు కాగితం తీసుకుంటే సాలు."

"నేను ఏ కాగితమూ తీసుకోను!"

ఆటల సారు మంచివాడు. ఉరికి వచ్చి తలుపు దగ్గర నోరు పెట్టి, "సార్, ఈయన సరోజ తండ్రి సార్, ముద్ర వేస్తే చాలు, బస్సు ఆగి ఉంది" అన్నాడు.

లోపలి నుంచి "మిమ్మల్ని కూడా పట్టుకున్నారా?" అని వినిపించింది.

ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. బడి ముద్ర లేని కాగితంతో అక్కడ ఆడనివ్వరు. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. మిగిలిన ఎనిమిది మంది పిల్లలు ఎక్కి కూర్చున్నారు. ఆటల సారు నా మొహం చూడలేక బస్సెక్కాడు. సరోజ ఏడవలేదు. మెట్ల మీద కూర్చొని కాన్వాసు బూట్లు విప్పి, రెండింటి లేసులు కలిపి ముడివేసి, భుజాన వేసుకొని వట్టి కాళ్లతో ఇంటిదారి పట్టింది. దాని వెనక నేను, నా వెనక కొమురయ్య కాక, లింగయ్య, అందరూ. చావు కబురుకు ఎట్లా నడిచివచ్చామో అట్లాగే గడప దాకా నడిచారు.

మర్నాడు నన్ను పిలిపించి రిజిస్టరు చూపించారు. చూపించారు అంటే, బడి క్లర్కు దాన్ని నా ముందు తెరిచి పెట్టుకొని పెద్దసారుతో మాట్లాడుతున్నాడు. బొగ్గు నింపేవాడికి చదువు రాదనే ధైర్యం. నేను తలకిందులుగా ఉన్న అక్షరాలనే మొత్తం చదివాను. "ముప్పై మంది ఎక్కడి నుంచి వచ్చిన్రు సారూ?" అన్నాను. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. "మాఫీ రాసిస్తే ఆలోచిస్తాం" అన్నాడు పెద్దసారు, నా మొహం చూడకుండా. తప్పు చేస్తే మోకాళ్ల మీద వస్తానని, చెయ్యని దానికి అక్షరం రాయనని చెప్పి వచ్చేశాను. ఎంపికలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలనే తీసుకుంటారు. సరోజకు ఇక మిగిలింది వచ్చే ఏడాది ఒక్కటే. అప్పటిలోగా ఆ రాత పోకపోతే దాని ఆట అక్కడితో సరి.

ఉత్తరాలు మొదలుపెట్టాను. నేను చెబుతుంటే పద్మ తన అందమైన చేతిరాతతో సాపు రాసేది. సరోజ ఉరికి ఆఫీసులో ఇచ్చి వచ్చేది. పెద్దసారుకు, పైఅధికారికి, ఆ పైఅధికారికి. ప్రతి ఉత్తరంలో ఆయన అబద్ధాన్ని చీల్చి చెండాడాను. "మీరు చదువుకున్నవారు గనుక పదకొండు తర్వాత పన్నెండు వస్తుందని తెలిసే ఉండాలి" అని కూడా రాశాను. ఎనిమిది ఉత్తరాలకు ఒక్క జవాబు లేదు. కొమురయ్య కాక ఒకరోజు బాయిలో అన్నం తింటూ, "ఒక్క ముక్క మాఫీ రాయిరా, పిల్ల ఆట గదా ముఖ్యం" అన్నాడు. నేను అన్నం ముద్ద వదిలేసి లేచిపోయాను. మూడు రోజులు కాకతో మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే కాక మాట నన్ను లోపల కొరికింది. నా పంతం కోసం బిడ్డ ఆటను తాకట్టు పెడుతున్నానేమో అని.

ఒక ఆదివారం కనకమ్మ వచ్చింది. ఎనిమిది ఉత్తరాల నకళ్లూ ముందేసుకొని ఒక్కటి వదలకుండా చదివింది. మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్నాను.

"పదకొండు మంది మొగోళ్లు బడిలకు పోయిన్రు. ఒక్కనికన్న ముఖం కడుక్కోవాలని తోచలేదా?" అంది.

"బస్సు పోతదని..."

"జిందాబాద్ అనుడేంది మరి?"

"లింగయ్య సంతోషానికి అన్నడు."

"లింగయ్య సంతోషం సారుకు ఎట్ల తెలుస్తది? ఆయన సూసింది నల్లమొహాలు, విన్నది నినాదం. గీ ఎనిమిది ఉత్తరాల్ల ఆయన తప్పులన్ని రాసినవు. నువ్వు బాయిలకెల్లి ఎందుకు ఎక్కి వచ్చినవో ఒక్కదాంట్ల రాసినవా?"

రాయలేదు. ఆ వంపుదారిలో నా తలలో నడిచింది అప్పటిదాకా కనకమ్మకు కూడా చెప్పలేదు. ఆ పూట చెప్పాను. ఆమె పద్మను పిలిచి, "బిడ్డా, కలం పట్టుకో. బాపు చెప్తడు" అంది.

తొమ్మిదో ఉత్తరంలో ఒక్క కోపం మాట లేదు. మాఫీ కూడా లేదు. కబురు ఎప్పుడు వస్తుందో, తోడు ఎందుకు వస్తారో, నలుగురు పిల్లల్లో ఎవరు పోయారో తెలియకుండా ఎక్కితే ఎట్లా ఉంటుందో, పైకి వచ్చి ఏం చూశానో, ఎందుకు అరిచామో, మొహాలు కడుక్కొని రావలసింది గాని ఎందుకు రాలేకపోయామో రాయించాను. దానికి ఒక కాగితం జత చేశాను. షిఫ్టు మధ్యలో ఎవరు పైకి వచ్చినా బాయి ఆఫీసులో ఒక పుస్తకంలో రాస్తారు. మేనేజరు దగ్గరికి పోయి ఆ రోజు పేజీ నకలు కావాలన్నాను. "దేనికయ్యా?" అన్నాడు. "మేం పదకొండు మందిమని రుజువు చెయ్యాలె సారూ" అన్నాను. ఆయన సంగతంతా విని, నవ్వాపుకుంటూ ముద్ర వేసి ఇచ్చాడు. అందులో ఉంది: ఓదెలు, ఇంటి నుంచి కబురు, తోడు, పది మంది, కింద పది పేర్లు. ఆ ఉత్తరం నేనే తీసుకుపోయాను, శుభ్రంగా స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకొని. పెద్దసారు తీసుకొని సొరుగులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ బాయి మూతపడింది. దాని పక్కన ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్టలు కాలనీ కంటే ఎత్తుకు లేచాయి. కొమురయ్య కాక లేడు, లింగయ్య లేడు. పదకొండు మందిలో ముగ్గురం మిగిలాం. మనుమడి బడిలో అనుమతి కావాలంటే ఫోను మీద వేలు నొక్కితే చాలు, సరోజ అన్నం తింటూనే నొక్కేసింది. మంచిదే. ఏ తండ్రీ అట్లాంటి వంపుదారి ఎక్కనక్కర్లేదు. కాని ఒక సంతకం కోసం పది మంది పని ఆపి నడిచివచ్చే కాలం నేను చూశాను, ఆ నడక నా బిడ్డ కోసం నడిచారు. ఈ గొప్ప నాకు చాలు. ఏడాదిన్నర నేను మాడ్చిన సర్వపిండి తిని ఆ నలుగురూ ఎవరి ఆట వాళ్లు ఆడారు, ఎవరి దరువు వాళ్లు వేశారు. ఒక్కరి చేత కూడా ఏదీ మానిపించలేదు. కనకమ్మ తెల్లచీర కట్టుకొని దవాఖానలో డ్యూటీకి చేరిన రోజు, నల్లా దగ్గర నవ్వినవాళ్లే సూదిమందుకు ఆమె ముందు వరసలో నిలబడ్డారు. సరోజ ఆ మరుసటి ఏడాది కరీంనగర్‌లో ఆడింది, ఆ తర్వాత రాష్ట్రం తరఫున ఆడింది, ఈ రోజు మంచిర్యాలలో ఆటల టీచరు. దాన్ని ఆడకుండా ఆపిన ఆ పెద్దసారు పేరు మాత్రం రాయను. ఆ మరుసటి ఏడాది ఎంపికకు వారం ముందు ఆయన దగ్గర్నుంచి వచ్చిన జవాబును అక్షరం మార్చకుండా ఇక్కడ దించుతున్నాను:

"ఓదెలు గారికి నమస్కారములు. మీ ఉత్తరమూ, బాయి కాగితమూ నాలుగుసార్లు చదివాను. నిన్న సాయంత్రం ఎవరికీ చెప్పకుండా మీ బాయి దగ్గరికి వెళ్లి ఆ వంపుదారి మొదట్లో నిలబడ్డాను. పది అడుగుల తర్వాత నాకేమీ కనిపించలేదు. నాకూ ఇద్దరు ఆడపిల్లలు. రిజిస్టరులో నేను రాసినదాన్ని కొట్టివేసి, పక్కన సంతకం చేశాను. మీరు దాడికి రాలేదు. ఆ రోజు నేను భయపడ్డాను. భయపడ్డానని రాయడానికి సిగ్గుపడి, దాడి అని రాశాను. అమ్మాయిని పంపండి."